తీతువు కూతకు తోడెవరు?

వాగు ఒడ్డున మేసే దుప్పుల మందకు కావలి ఇద్దరు. గడ్డిలో తీతువు కోటమ్మ, నేరేడు చెట్టుమీద కొండముచ్చు గవరయ్య. కోటమ్మ ఒక్కతే అరిస్తే దుప్పులు తలెత్తి చూసి మళ్ళీ మేతకు వంగేవి. నేలమీద గుడ్లు పెట్టుకున్న పిట్ట, ముంగిస తిరిగినా అరుస్తుందని వాటికి తెలుసు. గవరయ్య ఒక్కడే ఖక్కుమంటే చెవులు రిక్కించేవి. ఇద్దరి గొంతులూ కలిశాయా, వెనక్కి చూడకుండా గుట్టెక్కేవి.

దాంతో చిరుతకు వేట దొరకడం లేదు. అది వదిలేసిన ఎముకలతో బతికే నక్కకూ కడుపు మాడుతోంది. ఒకరోజు నక్క నేరేడు చెట్టు కిందికి వచ్చింది.

"గవరయ్య మామా, చిటారుకొమ్మన కూర్చుని అంత దూరం చూసే నీకు ఆ నేలపిట్ట జోడీయా? తను చెబితేగాని నువ్వు నోరు తెరవవని కోటమ్మ మందలో చెప్పుకుంటోంది."

"అంత మాటందా?"

"ఈ చెవులతోనే విన్నా."

గవరయ్య ఆ పూటే వాగు అవతలికి మకాం మార్చేశాడు. కోటమ్మ ఎంత పిలిచినా పలకలేదు.

మర్నాడు నక్క ఒక నెమలిని వెంటబెట్టుకొచ్చింది. "ఒంటరిదానివైపోయావు కోటమ్మా. ఇకమీదట నువ్వు అరిచినప్పుడల్లా ఇది గొంతు కలుపుతుంది." కోటమ్మ సరేనంది. ఎవరో ఒకరు తోడుంటే చాలనుకుంది.

మిట్టమధ్యాహ్నం చెట్ల కింద పొదలో చిరుత మచ్చలు కదిలాయి. కోటమ్మ గొంతు చించుకుని అరిచింది. వెంటనే నెమలి కూసింది. దుప్పులు ఆకాశం వైపు చూశాయి.

"తీతువు, నెమలి కలిసి కూస్తున్నాయంటే వాన వచ్చేస్తోంది. పదండి, చెట్ల కిందికి!" అంది పెద్ద దుప్పి.

"అటు కాదే! అటు కాదు!" కోటమ్మ ఎంత గట్టిగా అరిస్తే నెమలీ అంత గట్టిగా కూసింది. మంద ఇంకా తొందరగా నడిచింది. అందరికన్నా ముందు ఒక కూన ఉంది. రోజూ కోటమ్మ గుడ్లు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళే కూన. అది మళ్ళీ బయటికి రాలేదు.

"నువ్వేగా మమ్మల్ని పిలిచింది?" అంది తల్లి దుప్పి.

కోటమ్మకు ఒళ్ళు మండిపోయింది. నెమలి మీద పడి పొడిచింది. "ఎవరు కూయమన్నారే నిన్ను?"

"నక్క బావ వాన పాట పాడమన్నాడక్కా. చిరుత సంగతి నాకు తెలీదు!"

"అయితే ఇకనుంచి నోరు మూసుకుని కూర్చో!"

కోటమ్మ అదే ఊపున వాగు దాటింది. "నీ రోషం ఒక పసికూనను మింగింది మామా!"

"నన్ను అంతమాట అన్నావట కదా?"

"నేనన్నానా లేదా అని అడగడానికి నీకు నోరు లేదా? నా గొంతు మారలేదు, కూత మారలేదు. పక్కన నువ్వుంటే 'పారిపోండి' అయ్యే కూత, నెమలి ఉండేసరికి 'రండి, చావండి' అయింది!"

గవరయ్య తల వంచుకున్నాడు. చడీచప్పుడు లేకుండా వచ్చి నేరేడు ఆకుల్లో దాక్కున్నాడు.

నాలుగోరోజు నక్క చిరుతతో, "దొరా, చెట్ల కింద దర్జాగా కూర్చోండి. తీతువు అరిచిందంటే దుప్పులు వాటంతటవే నడిచొస్తాయి" అని, వాటా కోసం పక్కనే కూర్చుంది.

కోటమ్మ అరిచింది. నెమలి నోరు మెదపలేదు. పైనుంచి గవరయ్య ఖక్ ఖక్కుమన్నాడు. రెప్పపాటులో మంద గుట్టెక్కింది.

ఆకలిమీదున్న చిరుత నక్క వైపు తిరిగింది. "నడిచొస్తాయన్నావే?"

"దొరా, ఆ నెమలి..."

మాట పూర్తికాకముందే పంజా పడింది.

అయినా కోటమ్మ కోపం చల్లారలేదు. గవరయ్యతో కలిసి కావలి కాసింది, కలిసి అరిచింది, మాట మాత్రం చాన్నాళ్ళు కలపలేదు.

నీతి: నీ మాటకు గొంతు కలిపేది ఎవరో చూసుకో, దాని అర్థం వాళ్ళ చేతుల్లోకీ పోతుంది.