ఎండువాగు దాటిన కర్రెమ్మ

పచ్చికపాడు గేదెలకు ఆ ఏడు గడ్డికి లోటు లేదు. ఉప్పుకే కరువొచ్చింది. దూడలు ఒకదాని ఒంటిమీది చెమట ఒకటి నాకుతూ తిరుగుతున్నాయి. పాడి గేదెలకు పాలు సగానికి పడిపోయాయి.

ఉప్పంతా ఎదురుగా రాళ్లకొండ మీద ఉంది. అది మేకల దేశం. అక్కడ ఉప్పురాళ్లు కాళ్లకు అడ్డం పడుతుంటాయి గానీ, ఎండలు ముదిరితే పిల్లలకు పచ్చిపరక దొరకదు. రెండు దేశాల మధ్యా ఒక్క ఎండువాగే అడ్డం. అయినా ఇటు గడ్డి అటు పోక, అటు ఉప్పు ఇటు రాక రెండేళ్లు దాటింది.

కారణం ఒక బండ. ముసురు పట్టిన ఒక పొద్దున కొండమీంచి దొర్లి, వాగులో నీళ్లు తాగుతున్న చుక్కి కాలు విరగ్గొట్టింది. చుక్కి కర్రెమ్మ కూతురు. "మేకలే తోశాయి, నా కళ్లారా చూశాను" అని మాణిక్యం చెప్పాడు. మాణిక్యం అంటే వాగు ఒడ్డున బొరియలో ఉండే నక్క. ఆ రోజు నుంచీ వాగులో ఎవరూ దిగకూడదని రెండు వైపులా చాటింపు వేశారు. మాణిక్యానికి మాత్రం ఏ చాటింపూ తగల్లేదు. పిడికెడు ఉప్పు ఇటు తెచ్చి కుండెడు పాలు పట్టుకుపోయేవాడు. గుప్పెడు గడ్డి అటు మోసి అక్కడా పాలే పిండించుకునేవాడు. ఆ ఇంటి మాటలు ఈ ఇంటికి, ఈ ఇంటి మాటలు ఆ ఇంటికి చేరవేసేదీ అతనే.

పచ్చికపాడు సభలో కర్రెమ్మ ప్రతిపక్షం వైపు కూర్చునే సభ్యురాలు. మాట నెమ్మది, నడక ఇంకా నెమ్మది. ఒక రోజు సభలో రాజుగారి పక్షం నుంచి భద్రుడనే కుర్ర దున్నపోతు లేచి నేల తవ్వుతూ అరిచాడు. "ఇంకా ఎన్నాళ్లు అడుక్కుంటాం? రేపే కొండెక్కుదాం. కొమ్ములున్నది గోక్కోవడానికా?"

సగం సభ చప్పుడు చేసింది. కర్రెమ్మ మెల్లగా లేచింది.

"నాకు మేకల మీద ప్రేమ కారిపోవడం లేదు బాబూ. నా బిడ్డ కుంటుతుంటే రోజూ చూస్తున్నదాన్ని నేనే. కానీ ఒకటి ఆలోచించు. రెండేళ్లుగా వాళ్లు ఏమన్నా మాణిక్యం నోటే విన్నాం. యుద్ధానికి వెళ్లేముందు ఒక్కసారి వాళ్ల నోట వినొద్దా? వాళ్లకీ మనలాగే సభ ఉంది. మన సభ్యులం కొందరం వెళ్లి వాళ్ల సభలో కూర్చుని మాట్లాడదాం."

సింహాసనం మీద దున్నపోతు వీరభూపాలుడు తోక ఆడించాడు. "ఈ మాట బావుంది. నేను వెళితే లొంగిపోయానంటారు. వాళ్ల రాజొస్తే వాళ్లు లొంగారంటారు. మీరూ మీరూ మాట్లాడుకుంటే ఎవరి పరువూ పోదు. కుదిరితే నా పేరు చెప్పండి. కుదరకపోతే నాకేమీ తెలియదు."

సభంతా నవ్వింది. రాజుగారూ నవ్వారు. కర్రెమ్మ, ఆమెకు తోడుగా భద్రుడు వెళ్లాలని తేల్చారు. రెండు పక్షాలూ ఉంటేనే రేపు ఒప్పుకున్నదానికి ఊరంతా కట్టుబడుతుందని కర్రెమ్మే పట్టుబట్టి ఆ కుర్రదున్నను అడిగి తీసుకుంది.

కబురు పట్టుకెళ్లింది మాణిక్యమే. తను కాదంటే అందరికీ అనుమానం వస్తుంది మరి. రెండో నాటికల్లా జవాబు తెచ్చాడు.

"రమ్మన్నారక్కా. పాపం, నీ పేరు చెప్పగానే ఎంత సంబరపడ్డారో! ఒక్క మాట చెబుతాను, మరచిపోకు. మేకల మర్యాద వేరు. వాళ్ల సభలోకి అడుగుపెట్టేటప్పుడు తల బాగా దించి, కొమ్ములు ముందుకు చాపి నడవాలి. అలా చేయకపోతే అవమానించినట్టే."

"అంతేనా?"

"అంతే అక్కా. మీ మంచికే చెబుతున్నా."

తెల్లారి ఎండ ఎక్కకముందే ఇద్దరూ వాగు దాటారు. మాణిక్యం వెనకాలే వచ్చాడు. కొండదారి గేదె డెక్కలకు పట్టు దొరకనిది. రెండుసార్లు కర్రెమ్మ మోకాళ్ల మీద పడింది. చుక్కి కాలు విరగ్గొట్టిన బండ ఏ చోటి నుంచి ఊడిందో ఆ గుంట దారిలో కనబడింది. ఆమె కాసేపు అక్కడే నిలబడింది.

మేకల సభ ఒక చదునైన రాతిమీద జరుగుతోంది. గడ్డం నెరిసిన మేకపోతు ఎల్లమంద సభాపతి. కర్రెమ్మ నక్క చెప్పినట్టే తల దించి, కొమ్ములు ముందుకు పెట్టి అడుగేసింది. భద్రుడూ అలాగే చేశాడు.

అంతే. సభలో ఉన్న మేకలన్నీ ఒక్కసారిగా వెనక కాళ్ల మీద లేచాయి. ముందు కాళ్లు గాల్లో, కొమ్ములు కిందికి. మేక అలా లేచిందంటే కుమ్మడానికే. ఆ సంగతి పచ్చికపాడులో దూడలకు కూడా తెలుసు.

"చూశావా అత్తా! పిలిచి చంపుతున్నారు!" భద్రుడు బుస కొట్టాడు. ముందు కాలితో రాతిని గీరాడు. దూరంగా మాణిక్యం పొద వెనక్కి జరిగాడు.

వెనక్కి తిరిగితే లోయ. ముందుకు వెళితే నెత్తురు. కర్రెమ్మ అప్పుడు ఎవరూ అనుకోని పని చేసింది. ఉన్నచోటే నాలుగు కాళ్లూ మడిచి, బరువుగా ఊపిరి వదిలి కూర్చుండిపోయింది. కూర్చున్న గేదె ఎవరినీ పొడవలేదు.

"కూర్చో భద్రా," అంది.

"అత్తా, నీకు మతి..."

"కూర్చోమన్నాను."

భద్రుడు పళ్లు కొరుకుతూ కూర్చున్నాడు. కర్రెమ్మ మేకల వైపు చూసింది. "కొండెక్కి అలిసిపోయాం అన్నా. కుమ్మేవాళ్లుంటే కుమ్మండి. మేం మాత్రం ఇప్పుడప్పుడే లేవలేం."

మేకలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. వెనక కాళ్ల మీద ఎంతసేపని నిలబడతాయి? ముందుగా ఎల్లమంద నాలుగు కాళ్ల మీదికి దిగాడు. "మేం కుమ్మడమేంటి చెల్లెమ్మా? కొమ్ములు చాపుకుని వచ్చింది మీరు."

"అది మీ మర్యాద అన్నారు."

"మా మర్యాదా? మా కొండ మీద ఎవరు అలా వచ్చినా పోట్లాటకొచ్చారనే అనుకుంటాం. మేం వెనక కాళ్ల మీద లేచామా, అది మీ మర్యాదని తెలిసే లేచాం. గేదెలకు అలా లేచి స్వాగతం చెబితేనే సంతోషమట."

"ఎవరు చెప్పారన్నా?"

"మీకెవరు చెప్పారు?"

ఇద్దరూ ఒకేసారి పొద వైపు చూశారు. మాణిక్యం నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "పొరపాటు పడ్డానక్కా. రెండు భాషలు, రెండు దేశాలు. ఎక్కడో తారుమారైంది."

కర్రెమ్మకు దారిలో చూసిన గుంట గుర్తొచ్చింది. రెండేళ్లుగా గొంతులో అడ్డుపడ్డ ప్రశ్న ఇప్పుడు అడిగింది. "ఎల్లమందన్నా, ఆ బండ ఎవరు తోశారు?"

"ఎవరు తోస్తారమ్మా? వానకు మట్టి కరిగి ఊడింది. దాని మీద నా మనవడు ఆడుకుంటున్నాడు. దాంతోపాటే పోయాడు. కింద మీ బిడ్డకు దెబ్బ తగిలిందని తెలిసి, ఆ దుఃఖంలోనే, మాణిక్యం చేత పెద్ద ఉప్పుగడ్డ పంపించాం. పలకరింపు మాట కూడా చెప్పి పంపాం. మీ నుంచి ఒక్క మాటైనా రాలేదు. నా మనవడు చచ్చాడని గేదెలు సంబరం చేసుకున్నాయని మాణిక్యం చెప్పాడు."

కర్రెమ్మ లేచి వెళ్లి ఎల్లమంద మెడకు తన మెడ ఆనించింది. "మాకు పిల్లాడి సంగతే తెలియదన్నా," అంది.

భద్రుడు ఒక్క ఉదుటున పొద వైపు దూకబోయాడు. కర్రెమ్మ అడ్డం నిలబడింది. "వద్దు. వాణ్ని పొడిస్తే ఈ రోజు జరిగింది కొట్లాట అని చెప్పుకుంటారు. మనం వచ్చింది మాట్లాడటానికి."

పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నారు. ఎండాకాలం మేకలు దిగివచ్చి పచ్చికపాడు బీళ్లలో మేయాలి. ఉప్పు ఏడాది పొడవునా వాగు దాకా దిగాలి. ప్రతి పంట కారుకూ ఒకసారి రెండు సభల సభ్యులూ ఎండువాగు ఇసుకలో కూర్చోవాలి. "తగవేమీ లేకపోతే?" అన్నాడొక పిల్ల సభ్యుడు. "అప్పుడే తప్పకుండా కూర్చోవాలి," అన్నాడు ఎల్లమంద.

తిరిగొచ్చాక పని సులువుగా కాలేదు. మేకలు దిగితే గడ్డి మిగలదని పచ్చికపాడులో కొందరు పేచీ పెట్టారు. కొండ మీదా అంతే, ఉప్పు అరిగిపోతుందన్నారు. చివరికి సభలో అందరికంటే గట్టిగా ఒప్పందం వైపు మాట్లాడినవాడు భద్రుడే. "నేను కొమ్ములు చాపినవాణ్ని. ఇంకొక్క అడుగు వేసుంటే మీ బిడ్డల్లో ఎంతమంది మిగిలేవాళ్లో నాకు తెలియదు," అన్నాడు. రెండు సభలూ ఆమోదించాయి.

వాగులో మొదటి సమావేశానికి మాణిక్యం కూడా వచ్చాడు. ఎవరూ తరమలేదు. మంచి చోటే చూపించారు. కాసేపాగి అలవాటు కొద్దీ కర్రెమ్మ చెవి దగ్గరికి జరిగాడు. "అక్కా, ఎల్లమంద నీ గురించి ఏమన్నాడో తెలుసా..."

"ఉండు మాణిక్యం," అని కర్రెమ్మ గొంతు పెంచింది. "ఎల్లమందన్నా! నువ్వు నా గురించి ఏదో అన్నావట. ఇతను చెప్పబోతున్నాడు. నువ్వే చెప్పేయ్, వింటాను."

ఎల్లమంద పకపకా నవ్వాడు. మేకలు నవ్వాయి, గేదెలు నవ్వాయి. మాణిక్యం ఇసుకలోంచి లేచి, దుమ్ము దులుపుకుని, పాలకుండ లేకుండానే బొరియ దారి పట్టాడు. ఇంకో దేశం వెతుక్కుంటానని పెళ్లాంతో అన్నాడట.

పొరుగువాడి మనసులో ఏముందో పొరుగువాడినే అడిగేవాళ్లను మధ్యవాడు మోసం చేయలేడు.