మంత్రిగారమ్మాయి బడి

ఇది అబద్ధమనేవాళ్లుంటే వచ్చి నా ఎదురుగా కూర్చోండి. మహామంత్రి విస్సరాజు కూతురికి బడి వెతుకుతున్నాడని తెలియగానే గురువులంతా దండలు పట్టుకుని ఆయన వాకిట్లో బారులు తీరారు. ఆ బారు తోక పొరుగు రాజ్యంలో ఉంది! రానివాడొక్కడే, కొండమీద వైద్యం నేర్పే సోమయ్య. అమ్మాయేమో అక్కడే చదువుతానంటుంది.

"నన్ను లెక్కచేయనివాడి దగ్గరా? ఆ బడే మూయించేస్తా," అన్నాడు మంత్రి.

వాకిట్లో చెప్పులు కాసే ఓబులు నెమ్మదిగా అడిగాడు: "దొరా, వీళ్లంతా ఇక్కడుంటే వీళ్ల బళ్లో పిల్లలకి ఇప్పుడు పాఠం ఎవరు చెబుతున్నట్టు? రేపు మీకన్నా పెద్దదొర పిలిస్తే మన అమ్మాయిగారినీ ఇలాగే వదిలేసి పోరూ?"

మంత్రి ఆ బారునంతా తోకతో సహా ఇళ్లకి పంపేశాడు. మర్నాడే అమ్మాయి కొండెక్కింది.

సాక్షి కావాలా? విరిగిన నా కాలు అతికించిన వైద్యురాలిని అడగండి. ఆ అమ్మాయే ఆవిడ. పేరు చిన్నమాంబ.