పునుగుపిల్లి చెప్పడం మరిచిన నియమాలు

అనగా అనగా, మబ్బులు మొహం చాటేసిన ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ఏరు ఎండిపోయి ఇసుక మిగిలింది. ఒక్క వంపు దగ్గర మాత్రం అడుగున కాస్త తడి ఉంది. కంటకమ్మ అనే ముళ్ళపంది గోళ్ళు అరిగేలా అక్కడ తవ్వి చెలమ చేసింది. తవ్విన ఇసుకను ఎలుగుబంటి పెద్దయ్య దూరంగా తోడిపోశాడు. అంచులు కూలకుండా కుందేలు గడ్డి కట్టింది.

చెలమలో నీళ్ళు కొంచెం కొంచెంగా ఊరేవి. అందుకని ముగ్గురూ వంతులు పెట్టుకున్నారు. ఒక్కో వంతుకు ఒక్కో చింతపిక్క గుర్తు. పిక్క ఉంటేనే నీళ్ళు. పిక్క లేనివాడు ఎంతటివాడైనా పక్కకు తప్పుకోవలసిందే.

కంటకమ్మకు ఇద్దరు పసిపిల్లలు. ఒంటిమీద ముళ్ళు కూడా ఇంకా గట్టిపడలేదు. వాళ్ళ గొంతు తడవాలంటే ఆ పిక్కలే దిక్కు.

అలాంటి రోజుల్లో సుగంధుడనే పునుగుపిల్లి వచ్చాడు. రాజుగారి అత్తరు కొట్టులో పెరిగినవాడు. ఒళ్ళంతా ఘుమఘుమ, నోరంతా తీపి. చెలమకు పిడికెడు ఇసుక తీసిన పాపాన పోలేదు. అయినా వారం తిరగకుండా పెద్దయ్య పిక్కలూ, కుందేలు పిక్కలూ అతని దగ్గరకు చేరాయి. ఎలా చేరాయని కంటకమ్మ అడిగితే పెద్దయ్య నేల చూపులు చూశాడు. కుందేలు గడ్డి నములుతూ ఉండిపోయింది.

"అక్కా, ఒక్క ఆట ఆడదాం రా," అన్నాడు సుగంధుడు. "రాజుగారి మేడలో ఆడే ఆట. నీలాంటి తెలివైనదానికి చిటికెలో వచ్చేస్తుంది."

అతని దగ్గర తునికాకులు ఉన్నాయి. ఒక్కో ఆకుమీద ఒకటి నుంచి పన్నెండు దాకా చుక్కలు. ఒక్కో లెక్కకు నాలుగేసి ఆకులు.

"ఒక్కొక్కరికి మూడు ఆకులు. నచ్చని ఆకు ఒకటి పారేసి కొత్తది తీసుకోవచ్చు. చుక్కలు కలిపి చూస్తే ఎవరిది పెద్దదైతే మధ్యలో పోసిన పిక్కల రాశి వాళ్ళది. అంతే అక్కా!"

అంతే అన్నాడు కదా అని కంటకమ్మ కూర్చుంది. పిల్లలకు రెండు గుక్కలు ఎక్కువ దొరుకుతాయని ఆశ. ఇద్దరూ సమంగా పిక్కలు రాశిలో పోశారు. ఆకులు తిప్పారు. కంటకమ్మవే పెద్దవి! సంబరంగా చెయ్యి చాచింది.

"అయ్యో అక్కా, ఒక మాట చెప్పడం మరిచాను," అన్నాడు సుగంధుడు. "పెద్ద చేతికి, అంటే ఎక్కువ చుక్కలవాళ్ళకు, సగమే. మిగతా సగం అన్నిటికన్నా చిన్న చేతికి. ఆ చిన్న చెయ్యి నాది."

రాశిని సగం చేసి తన సగం లాక్కున్నాడు. గెలిచిన కంటకమ్మకు దక్కింది తాను పెట్టిన పిక్కలే. ఒళ్ళు కాస్త మండింది. 'పోనీలే, కొత్త ఆట కదా' అని సర్దుకుంది.

రెండోసారి ఆమె చిన్న చేతికే వెళ్ళింది. రెండు చుక్కలు, మూడు చుక్కలు, తొమ్మిది చుక్కలు. సుగంధుడి ఆకులు చూస్తే పెద్దపెద్దవి. చిన్నసగం తనదేనని చెయ్యి చాచింది.

"అయ్యో అక్కా, ఒక మాట చెప్పడం మరిచాను. చిన్నసగం కావాలంటే చేతిలో ఎనిమిది చుక్కలు దాటిన ఆకు ఒక్కటి కూడా ఉండకూడదు. నీ దగ్గర తొమ్మిది ఉంది కదూ? ఇద్దరికీ చిన్న చెయ్యి లేనట్టే. అలాంటప్పుడు మొత్తం రాశి పెద్ద చేతిదే."

పెద్ద చెయ్యి ఎవరిదో చెప్పాలా? కంటకమ్మ వీపున ముళ్ళు ఒక్కొక్కటే లేచాయి. లేచి వెళ్ళిపోవలసింది అప్పుడే. కానీ పోయినవి తెచ్చుకోవాలన్న పంతం ఎవరినీ లేవనివ్వదు. ఉన్న పిక్కలన్నీ రాశిలో పోసేసింది.

మూడోసారి ఆమెకు పన్నెండు, పది, ఎనిమిది వచ్చాయి. మొత్తం ముప్పై. సుగంధుడు రెండు ఒంటిచుక్కలూ, ఒక అయిదు చుక్కల ఆకూ చూపించాడు. 'సరే, చిన్నసగం వాడిది, పెద్దసగం నాది' అనుకుంది కంటకమ్మ.

"అయ్యో అక్కా, ఒక మాట చెప్పడం మరిచాను. ఒంటిచుక్క చిన్న చేతికి ఒకటి, పెద్ద చేతికి పదమూడు. అలా చూస్తే నాది ముప్పై ఒకటి. ఒకే చెయ్యి రెండు సగాలూ గెలవొచ్చు. రాజుగారి మేడలో అందరికీ తెలుసు."

పిక్కలన్నీ ఊడ్చుకున్నాడు. ఆమెకు ఒక్కటి కూడా మిగల్లేదు.

మర్నాడు పిల్లలు దాహం దాహం అని ఏడిస్తే కంటకమ్మ వాళ్ళను తీసుకుని చెలమకు వెళ్ళింది. అక్కడ సుగంధుడు ఏం చేస్తున్నాడో తెలుసా? ఆ గుక్కెడు నీళ్ళలో తోక ముంచి కడుక్కుంటున్నాడు! ఎవరి గోళ్ళు అరిగితే ఊరిన నీళ్ళు అవి!

కంటకమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఒక్క ఉదుటున మీదికి ఉరకబోయింది. పెద్దయ్య అడ్డం వచ్చాడు.

"ఆగవే తల్లీ. కొట్టి లాక్కుంటే రేపు వంతులకు విలువేముంటుంది? ఆటలో పోయింది కదా."

"ఆటా అది? ఆ ఆట నీకు ముందే తెలుసా పెద్దయ్యా?"

పెద్దయ్య మూతి తుడుచుకున్నాడు. "నావీ అట్టాగే పోయినయ్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఇంత పెద్దవాణ్ణి, ఆట తెలియక ఓడిపోయానంటే నవ్విపోతారని సిగ్గేసింది."

"నాకూ సిగ్గేసింది," అంది కుందేలు.

కంటకమ్మకు సుగంధుడిమీద ఎంత కోపం వచ్చిందో, వీళ్ళిద్దరిమీద అంతకు రెట్టింపు వచ్చింది. "మీ సిగ్గు తగలెయ్య! మీరు నోరు విప్పలేదు కాబట్టి నా పిల్లల నోరు ఎండుతోంది!"

కంటకమ్మ సుగంధుడి వైపు తిరిగింది.

"ఒరేయ్, ఇంకొక్క ఆట. నువ్వు గెలుచుకున్న పిక్కలన్నీ పెట్టు. ఓడితే చెలమ నీకే వదిలేసి పిల్లలతో అడవి దాటిపోతాను. నీళ్ళు లేకపోతే ఎలాగూ పోవలసినదాన్నే. అయితే ఒక షరతు. ఆకు నేలమీద పడకముందే నీకు తెలిసిన నియమాలన్నీ గట్టిగా చెప్పాలి. ఇప్పుడు చెప్పనిది తర్వాత చెల్లదు. ఆకులు పెద్దయ్య పంచుతాడు."

సుగంధుడికి చెలమ మొత్తం కళ్ళముందు మెదిలింది. ఒప్పుకున్నాడు. నియమాలన్నీ వరసగా చెప్పాడు.

"ఇంకేమైనా ఉందా?" అంది కంటకమ్మ.

"లేదు."

"ఇంకేమైనా ఉందా?"

"లేదంటున్నానుగా!"

"ఆఖరుసారి అడుగుతున్నా. ఉందా?"

"లేదు, లేదు! పంచమను!"

పెద్దయ్య పంచాడు. కంటకమ్మకు రెండు ఒంటిచుక్కలూ, ఒక పన్నెండూ వచ్చాయి. పన్నెండు ఉంచుకుంటే పెద్దసగం ఖాయం. కానీ చిన్నసగం పోతుంది. సగం నీళ్ళతో ఈ వేసవి గడవదు. కోపం రగులుతున్నా బుర్ర నిదానంగా పనిచేసింది. పన్నెండును పారేసింది. కుందేలు "అయ్యయ్యో" అని చెవులు మూసుకుంది. కొత్తగా వచ్చిన ఆకులో ఆరు చుక్కలు ఉన్నాయి.

సుగంధుడు ఏ ఆకూ మార్చలేదు. నవ్వుతూ ఒకటి, రెండు, ఏడు తిప్పాడు. "చిన్నసగం నాదే అక్కా."

కంటకమ్మ తన ఆకులు పరిచింది. "నీ చిన్నది పది. నాది ఎనిమిది. నీ పెద్దది ఇరవై రెండు. నాది ముప్పై రెండు. రెండు సగాలూ నావే."

సుగంధుడి ఘుమఘుమ ఒక్కసారిగా చేదెక్కింది. "అయ్యో అక్కా, ఒక మాట చెప్పడం మరిచాను. ఆకు మార్చినవాళ్ళు రెండు సగాలూ..."

"నోర్ముయ్!"

అలా అరిచింది కంటకమ్మ కాదు, పెద్దయ్య. అడవి అదిరిపోయింది. "మూడుసార్లు అడిగింది, మూడుసార్లు లేదన్నావ్! నేను విన్నా!"

"నేనూ విన్నాను!" అని కుందేలు ఎగిరింది. "నా పిక్కలప్పుడూ ఇట్లాగే మరిచావు! ఆరోజు చెప్పలేదు, ఇప్పుడు అందరికీ చెప్తాను!"

అడవిలో ఎవరి నోట విన్నా అదే మాటైపోయింది. ఇక సుగంధుడితో ఆడేవాడు లేడు. నీళ్ళిచ్చేవాడూ లేడు. తోక ముడుచుకుని వచ్చినదారినే పోయాడు.

కంటకమ్మ పెద్దయ్య పిక్కలు పెద్దయ్యకూ, కుందేలు పిక్కలు కుందేలుకూ ఇచ్చేసింది. ఇస్తూ మళ్ళీ నాలుగు చీవాట్లు పెట్టింది. పిల్లలిద్దరూ చెలమలో మూతులు పెట్టి కడుపునిండా తాగారు. వాళ్ళు తాగడం అయిపోయేదాకా ఆమె ముళ్ళు దిగలేదు.

కాబట్టి పిల్లలూ, నియమాలన్నీ ముందే చెప్పించుకోనిదే ఏ ఆటకూ కూర్చోకండి, ఒకవేళ మోసపోతే సిగ్గుపడి నోరు మూసుకోకండి, ఎందుకంటే మీ మౌనమే మోసగాడికి తర్వాతి ఆటకు దారి.