కదిరప్ప కట్టు

బండమీదపల్లెలో కదిరప్ప అనే మోటారు మెకానిక్ ఉండేవాడు. పని బాగా తెలిసినవాడే కానీ, తన చేతి పనిలో తప్పు ఉంటుందంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. బోరు మోటార్లు బాగుచేయడంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు మంచి పేరుండేది. తీగలు కలిపిన ప్రతిచోటా పసుపు నాడా గట్టిగా చుట్టి, చివర ఒక ముడి వేసేవాడు. "ఇది కదిరప్ప కట్టు. దీన్ని విప్పే పని ఎవరికీ పడదు" అనేవాడు. మోటారు ఆగితే రైతులు ఇంకెక్కడైనా వెతికేవారు కానీ ఆ కట్టు జోలికి పోయేవారు కాదు.

ఆయన కూతురు చందన పదో తరగతి చదివేది. నాలుగు నెలలు కూర్చుని, బండలెక్కే రిమోట్ కారు ఒకటి తయారుచేసింది. మూరెడు కారు, లావు టైర్లు. వేగం లేదు కానీ పట్టుబట్టి రాయి మీదికి పాకుతుంది. మండలంలోని బడులన్నిటికీ గుట్ట దగ్గర పోటీ పెట్టారు. మూడు బండలు ఎక్కాలి. ఒక్కొక్క కారుకు రెండు అవకాశాలు. గెలిచింది జిల్లా పోటీకి వెళ్తుంది.

ముందురోజు చందన మోటారుకు తీగలు అతికించమని తండ్రిని అడిగింది.

"ఇదా మోటారు? నిమ్మకాయంత కూడా లేదు కదమ్మా" అని కదిరప్ప నవ్వాడు. పక్కవాళ్లతో కబుర్లాడుతూనే టంకం పెట్టేశాడు. నాడా చుట్టి ముడి వేశాడు.

మర్నాడు కారు మొదటి బండ ఎక్కింది. రెండో బండ సగంలో నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. కిందికి దించితే నేల మీద చక్కగా పరుగెత్తింది. రెండో అవకాశానికి అరగంటే ఉంది.

"బ్యాటరీ దిగిపోయుంటుంది" అన్నాడు పనిముట్ల సంచితో కూతురి వెంట వచ్చిన కదిరప్ప.

చందన కొత్త బ్యాటరీ వేసి, పక్కనున్న రాయి ఎక్కించి చూసింది. అలాగే ఆగింది.

"అయితే రిమోట్‌లో ఏదో ఉంది."

"కారు ఆగినప్పుడు కూడా ముందు చక్రాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి నాయనా. రిమోట్ మాట వింటూనే ఉంది."

"పళ్లచక్రాల్లో రాయి ఇరుక్కుందేమో."

చందన కారును పైకెత్తి చక్రాలు చేత్తో తిప్పింది. ఎక్కడా పట్టలేదు.

"ఇంకేముంది, మోటారు కాలిపోయింది."

"కాలిన మోటారు ఇంత చల్లగా ఉంటుందా? నువ్వే ముట్టుకుని చూడు" అంది చందన. తర్వాత గొంతు తగ్గించి, "చూడనిది ఇంకొక్కటే మిగిలింది" అంటూ పసుపు నాడా వైపు చూసింది.

పక్కనే నిలబడిన రైతు నాగిరెడ్డి అందుకున్నాడు. "దాని జోలికి పోవద్దు పాపా. పైరు ఎండినా మేమే విప్పం, మీ నాయన కట్టు." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

కదిరప్ప మొహం ఎర్రబడింది. "ఇరవై ఏళ్లలో నా కట్టు ఒక్కటీ వదల్లేదు" అన్నాడు.

"కట్టు వదల్లేదు నాయనా. లోపల ఎలా ఉందో మనం చూడలేదు, అంతే. ఒక్కసారి వేలు పెట్టు."

కదిరప్ప వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. మోటారు చల్లగా ఉంది, కట్టు కాలుతోంది. అతుకు సరిగా లేనిచోటే వేడి పుడుతుందని ఆయనకు ఒకరు చెప్పాలా? ఆట బొమ్మ మోటారు ఇంతేనని కసిరి ఊరుకుంటే పరువు నిలిచేది. కానీ కూతురి నాలుగు నెలల కష్టం ఆయన చేతిలో ఉంది.

జేబులోంచి బ్లేడు తీసి, అందరి ముందూ తన ముడి తానే కోశాడు. లోపల టంకం తీగను పట్టుకోలేదు, పూసలాగా పైన కూర్చుని ఉంది. నేల మీద కొద్దిపాటి కరెంటుకు ఆ తాకుడు సరిపోయింది. బండ ఎక్కేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగేసరికి చాల్లేదు.

"తప్పు నాదే" అన్నాడు కదిరప్ప, నాగిరెడ్డికి కూడా వినిపించేలా. "చిన్న మోటారు కదా అని చులకన చేశాను."

సంచిలోంచి గ్యాసు టంకం కడ్డీ తీసి, తీగ కొనలు గీకి శుభ్రం చేశాడు. ఈసారి ఎవరితోనూ మాట్లాడకుండా, బాగా వేడెక్కనిచ్చి టంకం పెట్టాడు. లాగి చూశాడు. అలవాటుగా నాడా అందుకుని, మళ్లీ కింద పెట్టేశాడు. "కట్టు తర్వాత. ముందు బండెక్కనీ."

కారు మొదటి బండ ఎక్కింది. రెండో బండ సగానికి వచ్చింది. కారు ఆగలేదు. మూడో బండ నెత్తి మీదికి పాకి నిలబడింది. ఆ రోజు మూడు బండలూ ఎక్కిన కారు అదొక్కటే.

"కదిరప్పా, మీ పాప గెలిచిందయ్యా" అన్నాడు నాగిరెడ్డి.

"గెలవడమేనా? నా చేత నా కట్టు విప్పించి మరీ గెలిచింది" అన్నాడు కదిరప్ప. ఆ మాటను గర్వంగా ఊరంతా చెప్పుకున్నాడు.

అప్పటినుంచి బోరు మోటారు నీళ్లు పోయడం రైతు కళ్లారా చూశాకే ఆయన నాడా చుట్టేవాడు. ఆయన పేరు తగ్గలేదు, ఇంకో నాలుగు ఊళ్లకు పాకింది.

నీతి: లోపం వెతికేటప్పుడు తన చేతి పనిని కూడా విప్పి చూసుకోగలిగినవాడే నిజమైన పనివాడు.