ద్వారపాలకుడి కళ్ళు

సముద్రం నడుమ ఒక దీవి ఉండేది. ఆ దీవికి ఓడలెక్కి దొరలు వచ్చేవారు. వచ్చిన ప్రతి దొరా ముందు అడిగేది ఒక్కటే: గుడి తలుపు మీది ద్వారపాలకుడు తనలా ఉండాలి. జనం తిన్నారా, పస్తున్నారా అన్నది తర్వాతి మాట.

తలుపుకు బొమ్మ వేసే పని ఒకే ఇంటి ఆడవాళ్ళది. ఒక దొర కోసం ఎర్రగడ్డం పెట్టారు. ఇంకో దొర కోసం కత్తి తీసేసి నల్లటి తుపాకీ ఇచ్చారు. మరో దొరకు పచ్చ అంగీ తొడిగారు. పాత రంగు మీదే కొత్త రంగు. ఏ రంగు కలిపినా మణికట్టు మీద పూసి చూసేవారు. చర్మం మీద విడిగా కనబడితేనే అది పనికొచ్చే రంగు.

కళ్ళను మాత్రం ఎవరూ ముట్టలేదు. ముఖమంతా పూర్తయ్యాకే కళ్ళు దిద్దాలి, ఒకసారి తెరిచిన కళ్ళు మళ్ళీ మూయకూడదు. అది ఆ ఇంటి ఆచారం. అందుకే ఎన్ని ముఖాలు మారినా ఆ కళ్ళు మొదటివే.

ఇప్పుడా పని చేస్తున్న చిత్రకారిణికి తల్లి చంకలో ఉన్ననాటి నుంచీ ఒకటే బెంగ. ఈ కళ్ళు ఏ ముఖానివి? ఆ ముఖం కనబడితే తనది ఎవరి పోలికో తెలుస్తుందని ఆశ. అద్దంలో ఆమెకు ఒకసారి ఏదో దొర ముక్కు, ఇంకోసారి ఇంకో దొర నుదురు కనిపించేవి. పెళ్ళి చూపులకొచ్చిన వాళ్ళందరినీ ఆ కళ్ళతో పోల్చి, మజ్జిగిచ్చి పంపేసింది.

ఒక ఉదయం కొత్త దొర బంటు వచ్చి, ముద్ర వేసిన నీలం రంగు గిన్నె ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"ఈసారి కళ్ళు కూడా మార్చాలి. మా దొరగారివి నీలం కళ్ళు. రేపు సాయంత్రం చూడ్డానికొస్తారు."

బంటు గుమ్మం దాటగానే ఆమె గీకుడు కత్తి తీసుకుని గుడి తలుపు దగ్గరికి వెళ్ళింది. రేపటితో ఆ కళ్ళు ఉండవు. ఈలోగా ముఖం చూడాలి.

గుడి ఊడ్చే అవ్వ వక్క నములుతూ వచ్చింది. "ఆగమ్మా. పైనున్నది మీ అమ్మ చేతి పని. నువ్వు కడుపులో ఉండగా నూరింది ఆ పచ్చ."

"అది దొర అంగీ, అవ్వా."

"అంగీ దొరదే. చెయ్యి ఎవరిదే?"

ఆమె వినలేదు. ఆకలి రుచెరగదు, వలపు సిగ్గెరగదు. పచ్చ అంగీ పెచ్చులుగా రాలింది. తుపాకీ రాలింది. ఎర్రగడ్డం నేల పాలైంది. దొరలందరి మీది కోపమూ కత్తిలోకి దిగింది. పొర లేచినప్పుడల్లా ఆమెకు హాయిగా ఉంది, ఆ హాయికి భయమూ వేసింది.

చివరికి కర్పూరపు చెక్క వాసన గుప్పుమంది. ఉట్టి చెక్క మీద రెండు కళ్ళు. అంతే. చుట్టూ ముఖమన్నది ఎన్నడూ లేదు. ఆచారం పెట్టిన మొదటి ఆమే ఆచారం తప్పిందన్నమాట.

చిత్రకారిణి నేల మీద కూలబడింది. పెచ్చుల్లో పచ్చ కనబడగానే ఏడుపొచ్చింది.

"లేనిదాని కోసం అమ్మను గీకేశానవ్వా."

అవ్వ చీపురుతో పెచ్చులన్నీ ఒకచోట పోగు చేసింది. "పారబొయ్యనా?"

"వద్దు."

ఆమె పోగంతా కల్వంలో వేసి, నూనె పోసి నూరింది. పచ్చ, నలుపు, ఎరుపు చాలాసేపు పెనుగులాడి ఒక్క రంగయ్యాయి. అలవాటు కొద్దీ మణికట్టు మీద పూసి చూసింది. కనబడలేదు. తుడిచి మళ్ళీ పూసింది.

అవ్వ వంగి చూసింది. "పూశావా, లేదా?"

ఇంటి ఆచారం ప్రకారం అది పనికిరాని రంగు. చిత్రకారిణి కుంచె ముంచి, ఆ కళ్ళ చుట్టూ ముఖం మొదలుపెట్టింది.

మర్నాడు సాయంత్రం దొర పల్లకి గుడి ముందు దిగేసరికి, నీలం గిన్నె మీది ముద్ర వేసింది వేసినట్టే ఉంది.