తాళాల కమిటీలో నక్క

సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, నల్లమద్దివనం విశ్వవిద్యాలయం సమావేశ మందిరంలో నక్క టీలో బిస్కెట్ ముంచుకుంటోంది. విద్యార్థుల ప్రతినిధిగా దానికి తాళాల కమిటీలో చోటు దొరికింది. దొంగచేతికి తాళాలివ్వడమంటే ఇదేనని బయట కాకులు అనుకున్నాయి గానీ, కాకుల మాట కమిటీల దాకా రాదు.

పోయిన నెల కోతులు ఒక లాప్‌టాప్ ఎత్తుకుపోయి, అందులోని మార్కులన్నీ చెట్టు చెట్టునా చదివి వినిపించాయి. దాంతో వైస్‌చాన్సలర్ సింహంగారు ఉత్తర్వు వేశారు: ప్రతి లాప్‌టాప్‌కూ ఎన్‌క్రిప్షన్ ఉండాలి. అంటే, పాస్‌వర్డ్ తెలిసినవాళ్లకు తప్ప లోపలి అక్షరం ముక్క ఎవరికీ అర్థం కాకూడదు.

నక్కకు ఈ ఉత్తర్వు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఎనిమిదేళ్లుగా హాస్టల్లో ఉంటూ అది థీసిస్ ఒక్క వాక్యం రాయలేదు. శుక్రవారంలోగా ఇవ్వకపోతే గదీ పోతుంది, మెస్సులో ఆదివారం కోడికూరా పోతుంది. పక్క మంచం కుందేలు మాత్రం రాయడం పూర్తిచేసింది. పేరు మార్చి అదే ఇచ్చేద్దామని నక్క ఎత్తు. కానీ ఆ పిరికిది లాప్‌టాప్‌ను కౌగిలించుకునే పడుకునేది.

"తాళాలు రెండు రకాలున్నాయి," అంది అధ్యక్షస్థానంలో ఉన్న రిజిస్ట్రార్ ఏనుగు. "ఒకటి నూట ఇరవై ఎనిమిది బిట్లు. ఇంకోటి రెండు వందల యాభై ఆరు. బిట్లు ఎంత ఎక్కువైతే తాళం అంత గట్టిది."

"మోసేది ఎవరండీ?" అంది గాడిద ప్రొఫెసర్.

"ఏమిటి మోసేది?"

"బిట్లు. రెట్టింపు బిట్లంటే రెట్టింపు బరువు. మా వంశం నడుములు ఇప్పటికే వంగిపోయాయి."

ఏనుగు ఆలోచించి, క్యాంటీన్ నుంచి కాటా తెప్పించింది. తాళం వేయక ముందు ఒకసారి, వేశాక ఒకసారి లాప్‌టాప్‌ను తూచారు. ముల్లు కదల్లేదు.

"ఎక్కువ బిట్లు, అదే బరువు. బేరం బాగుంది," అంది గాడిద. అలా పెద్ద తాళం ఖాయమైంది.

నక్క గొంతు సవరించుకుంది. "ఏనుగు మామా, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ల గతేమిటి? అన్నింటినీ తెరిచే తాళంచెవులు ఒకచోట ఉండాలి. సింహంగారి లాప్‌టాప్ కన్నా భద్రమైన చోటేది?"

"దానికీ ఈ తాళమే వేయాలిగా?"

"మృగరాజును పాస్‌వర్డ్ పెట్టుకోమని ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా మామా?"

ఏనుగు తొండంతో చెమట తుడుచుకుంది. తీర్మానం ఏకగ్రీవమైంది. బుధవారంలోగా అందరూ తాళాలు వేసుకోవాలని సర్క్యులర్ వెళ్లింది.

బుధవారం సాయంత్రం నుంచే కుందేలు లాప్‌టాప్‌ను మంచం మీద పడేసి గరిక మేయడానికి పోతోంది.

"భయం లేదా తమ్ముడూ?" అంది నక్క.

"ఊరందరికీ తాళాలు వేయించారుగా బావా. ఇక భయమేంటి?"

నక్క లోలోపల నవ్వుకుంది. తానే చేయెత్తి ఖాయం చేసిన తాళం. సింహంగారి లాప్‌టాప్ చేతికొస్తే తప్ప తెరుచుకోదని దానికి తెలుసు.

గురువారం మధ్యాహ్నం సింహంగారు భోజనం చేసి చాంబర్‌లో నిద్రపోతున్నారు. లాప్‌టాప్ ఆయన తల కింద ఉంది. నక్క దాన్ని మెల్లగా లాగి, ఆ చోట ఒక ఇటుక పెట్టింది. బల్ల వెనక కూర్చుని స్విచ్ నొక్కింది. తెర వెలిగింది.

"స్వాగతం. మీ భాషను ఎంచుకోండి."

ఆ లాప్‌టాప్‌ను కొన్ననాటి నుంచి ఎవరూ తెరవనే లేదు. తాళంచెవులు పెట్టడానికి వచ్చినవాళ్లకు కూడా, కాస్త తల ఎత్తండని సింహాన్ని అడిగే గుండె లేకపోయిందన్నమాట.

ఈలోగా ఇటుక ఒత్తుకుని సింహంగారు లేచారు. "నా దిండు ఏదిరా?"

"చార్జింగ్ పెడుతున్నాను ప్రభూ."

"దిండుకు చార్జింగా?"

 శుక్రవారం పొద్దునకల్లా నక్క పెట్టె హాస్టల్ గేటు బయట ఉంది.

కొన్నాళ్లకు అదే గేటు దగ్గర కుందేలు ఎదురైంది. థీసిస్ ఆమోదం పొందిందట.

"ఇప్పుడైనా చెప్పు తమ్ముడూ, ఏం పాస్‌వర్డ్ పెట్టావు?"

"పాస్‌వర్డా?" కుందేలు చెవి గోక్కుంది. "తాళం వేయడానికి పూటంతా పడుతుందన్నారు బావా. రేపు చూద్దాంలే అనుకున్నా. ఇంకా వేయలేదు. మూత ఎత్తితే చాలు, తెరుచుకుంటుంది."

ఉత్తర్వు వేసినంత మాత్రాన తాళం పడదు. తలుపు తోసి చూడని దొంగకు కన్నం తవ్విన శ్రమే మిగులుతుంది.