చుక్కడికి అందిన దీవెన

అనగనగా అంటే ఎప్పుడో నాకూ సరిగ్గా తెలియదు గాని, ఒక కొండ ఉండేది. కొండ కింద వాగు, వాగు ఒడ్డున చిన్న చర్చి, చర్చి పక్కన మిషను ఆసుపత్రి, వాటి వెనక ఒక కొట్టం. ఆ కొట్టంలో చుక్కడనే ఎద్దు ఉండేది. ఈ కథ రాజుగారిదీ కాదు, మంత్రిగారిదీ కాదు, ఆ చుక్కడిది.

చుక్కడికి దూడగా ఉన్నప్పుడే కాలు విరిగింది. ఇక పనికిరాదని యజమాని కబేళాకు తోలబోతుంటే, చర్చి పాస్టరు గిద్యోను అయ్యగారు అడిగి తెచ్చుకున్నారు. ఆయన భార్య రూతమ్మగారు ఆసుపత్రిలో నర్సు. మనుషులకు కట్టినట్టే ఆ కాలికీ కట్టు కట్టారు. కాలు అతికింది. అప్పటినుంచి చుక్కడు ఆసుపత్రి బండి లాగుతున్నాడు. జబ్బుపడ్డవాళ్లను తేవడం, నయమైనవాళ్లను ఇంటి దగ్గర దింపి రావడం వాడి పని.

ఒక ఆదివారం చర్చి కిటికీలోంచి అయ్యగారి మాటలు వినబడ్డాయి. ఊపిరి ఉన్న ప్రతి జీవీ దేవుణ్ణి ఆరాధించాలని చెబుతున్నారు. చుక్కడు ఉలిక్కిపడ్డాడు. ఊపిరి తనకూ ఉంది. ఆ ఊపిరి నిలబెట్టిన దేవుణ్ణి ఇన్నేళ్లలో ఒక్కనాడైనా ఆరాధించిన పాపాన పోలేదు. ఎంత కృతఘ్నుణ్ణి అని వాడికి బెంగ పట్టుకుంది. పోనీ ఇప్పుడు చేద్దామంటే ఎలా చేయాలో తెలియదు.

మొదట చర్చి గంటను అడిగాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ గదా. గంట ఒకసారి బారుగా ఊగి, ఆరాధనంటే గొంతెత్తడమేనోయ్ అంది.

మరుసటి ఆదివారం అందరూ తలలు వంచి మౌనంగా ప్రార్థిస్తుండగా చుక్కడు గొంతెత్తాడు. ఎద్దు గొంతు సంగతి మీకు తెలియనిది కాదు. పసివాళ్లు ఏడుపు లంకించుకున్నారు, పెద్దవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు, అయ్యగారు ఏ మాట దగ్గర ఆగారో మరిచిపోయారు. గంట మోగితే అందరూ వస్తారు, నేను అరిస్తే అందరూ కసురుతారేమిటని చుక్కడు తెల్లబోయాడు.

తరవాత వాగులో నిలబడ్డ కొంగను అడిగాడు. కదలక మెదలక కళ్లు మూసుకుని నిలబడు, అంతకన్న ఆరాధన లేదంది కొంగ. కొంగజపం ఎలాంటిదో పాపం ఎద్దుకేం తెలుసు. మర్నాడు బండిలో ఒక ముసలాయన జ్వరంతో మూలుగుతుండగా, చుక్కడు నడిదారిలో నిలబడి కళ్లు మూసేసుకున్నాడు. అయ్యగారు దిగి డెక్కల్లో ముల్లు గుచ్చుకుందేమోనని వెతికారు, బతిమాలారు, చివరకు తామే చక్రం తోశారు. ముసలాయన ఎండకు సొమ్మసిల్లాడు. చుక్కడు కళ్లు తెరిచి దారి పక్క వాగులోకి చూస్తే కొంగ నోట్లో చేప కనబడింది. వాడికి ఉన్న మతి కాస్తా పోయింది.

మూడోసారి కోడిపెట్టను అడిగాడు. వట్టిచేతుల ఆరాధన ఏమిటయ్యా, కానుక పెట్టాలి, నేను గుడ్డు పెట్టడం లేదూ అంది పెట్ట. గుడ్డు పెట్టడం చుక్కడి వల్ల కాదు. అందుకని తన మేత నోట కరుచుకెళ్లి చర్చి మెట్ల మీద పెట్టాడు. దాన్ని మేకలు ఆరగించాయి. చుక్కడు పస్తున్నాడు. కానుక దేవుడికి చేరిందో, మేకలతోనే ఆగిపోయిందో ఎటూ తేలలేదు.

ఒక్క సంగతి మాత్రం గంట, కొంగ, కోడి ముగ్గురూ ఒప్పుకున్నారు. ఆరాధన చివర అయ్యగారు చెయ్యెత్తి దీవెన చెబుతారు. ఆ దీవెన అందితేనే ఆరాధన చేసినట్టు. సరే, ఈసారి దీవెన అందేదాకా కిటికీ వదలకూడదని చుక్కడు గట్టిగా అనుకున్నాడు.

ఆ ఆదివారం తెల్లవారకముందే వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పాటలయ్యాయి, వాక్యమయింది. ఇక దీవెనే మిగిలింది. అంతలో వాగు అవతలి గూడెం నుంచి బుడ్డన్న అనే మనిషి తడిబట్టలతో పరుగెత్తుకొచ్చాడు. అతని భార్యకు నిన్నటినుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. అయ్యగారు దీవెన చెప్పకుండానే పుస్తకం మూసి బయటికొచ్చారు. రూతమ్మగారు నీళ్లు కాచడానికి ఆసుపత్రికి పరుగెత్తారు.

చుక్కడికి ఏమీ పాలుపోలేదు. ఆరాధన చెయ్యమన్న మనిషే ఆరాధన సగంలో వదిలేస్తారా? దేవుడికి కోపం రాదా? ఇన్నాళ్లు కాచుకున్న దీవెన మాటేమిటి? వాడు కాడికి మెడ ఇవ్వలేదు.

అయ్యగారు వాడి చెవి దగ్గర వంగారు. "పద నాయనా. అక్కడ రెండు ప్రాణాలున్నాయి."

చుక్కడు కిటికీ వైపు ఒకసారి చూశాడు. తరవాత మెడ వంచాడు.

గూడెం చేరి ఆమెను బండిలో పడుకోబెట్టుకుని తిరిగొచ్చేసరికి కొండ మీద వాన కురిసి వాగు పెరిగింది. నడి వాగులో చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. నీళ్లు చుక్కడి పొట్ట తాకాయి. ఇప్పుడు అరవాలా, కళ్లు మూసుకోవాలా, ఏదైనా పెట్టాలా? వాడికేమీ తోచలేదు. వెనక ఆమె మూలిగింది. కాలు విరిగిననాడు తానూ అలాగే మూలిగాడు. అది గుర్తొచ్చి, మోకాళ్లు వంచి లాగాడు. గొంతులోంచి రంకె దానంతటదే వచ్చింది, కళ్లు వాటంతటవే మూతబడ్డాయి. చిన్నప్పుడు విరిగి అతికిన కాలు రాతికి తగిలి చీరుకుపోయింది. చక్రం కదిలింది.

సాయంత్రం ఆసుపత్రిలోంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. తల్లి గండం గడిచింది. కొట్టంలో చుక్కడు మాత్రం దిగులుగా పడుకున్నాడు. జనం ఎప్పుడో ఇళ్లకు వెళ్లిపోయారు. దీవెన ఈసారీ దక్కలేదు.

అయ్యగారు వేన్నీళ్లు, గుడ్డపేలికలు తెచ్చి ఆ కాలు కడిగి కట్టు కట్టారు. తరవాత లేచి నిలబడి, ఒక చెయ్యి వాడి మూపురం మీద పెట్టి, రెండో చెయ్యి పైకెత్తి, పొద్దున చెప్పకుండా వదిలేసిన దీవెన మొదటినుంచి చివరిదాకా చెప్పారు.

"ఆమేన్. పొద్దుటి ఆరాధన ఇప్పటికి ముగిసింది, చుక్కా" అన్నారు.

నేను చర్చి లోపలికే వెళ్లలేదే, ఆరాధన ఎప్పుడు చేశానబ్బా అని చుక్కడు చాలాసేపు నెమరు వేస్తూనే ఉన్నాడు. వాడికి అర్థమైందో లేదో గాని, పిల్లలూ, మనకు అర్థమైంది గదా: సాటి ప్రాణి కోసం మెడ వంచి మోసిన బరువే దేవుడికి అందే ఆరాధన.